ఇప్పుడు ఏం చదువుతున్నారు? ఏ పేజీలో ఆగారు?

అరుగు
ఈ చర్చలో పుస్తకం పేరు ఒక్కటే రాసి వెళ్లిపోకండి. నాలుగు సంగతులు రాయండి: పుస్తకం, ఆగిన పేజీ, చదివే వేళ, అడ్డం పడిన చోటు. పేర్లు మాత్రమే ఉంటే అది జాబితా అవుతుంది. పేజీ నంబరు ఉంటే వచ్చే వారం ఎంత కదిలారో తెలుస్తుంది. అడ్డం పడిన చోటు రాస్తే ఆ పుస్తకం ఇదివరకే దాటినవాళ్లు ఇక్కడ ఎవరో ఒకరు ఉంటారు, చెయ్యి అందిస్తారు.

ప్రతి ఆదివారం రాత్రి 9 లోపు రాయండి. ఒక్క పేజీ కూడా చదవని వారం "సున్నా" అని రాయండి. సున్నా రాసినవాళ్లు పై వారం తిరిగి వస్తారు. మొహమాటపడి ఊరుకున్నవాళ్లే మెల్లగా చదవడం మానేస్తారు.

ప్రస్తుతం నేను: పి. శ్రీదేవి 'కాలాతీత వ్యక్తులు', 112వ పేజీ, తెల్లవారుజామున 5.30 నుంచి 6 దాకా. అడ్డం ఏమీ లేదు. 1957–58లో 'తెలుగు స్వతంత్ర'లో ధారావాహికగా వచ్చిన నవల కాబట్టి ప్రకరణాలు ఒక్కో కూర్చోవడానికి సరిపోయేలా తెగుతాయి. అలవాటు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇలా పత్రికల్లో వారం వారం వచ్చిన నవలలు బాగా కలిసొస్తాయి.

నైట్‌డ్యూటీ
రోజుకు ఎన్ని పేజీలు పెట్టుకోవాలి? ఎవరిని అడిగినా 50 అంటున్నారు. రెండు రోజులు సాగుతుంది, మూడో రోజు ఆగిపోతుంది.

కొలబద్ద
50 అనేది ఎవరి కొలతో వాళ్లకే తెలియాలి. మీ కొల మీరు తీసుకోండి, పది నిమిషాల పని.

చేతిలో ఉన్న పుస్తకంలో నిండుగా ఉన్న ఒక పేజీ తీసి వరుసలు లెక్కపెట్టండి. మామూలు 1/8 డెమ్మీ సైజు నవలలో 28 నుంచి 32 ఉంటాయి. ఐదు వరుసల్లో మాటలు లెక్కపెట్టి ఐదుతో భాగించండి. వరుసకు 7 మాటలు, పేజీకి 30 వరుసలు అనుకుంటే 210 మాటలు. ఇప్పుడు గడియారం పెట్టుకుని మూడు పేజీలు మామూలు వేగంతో చదవండి. ఆరు నిమిషాలు పట్టిందనుకోండి, పేజీకి రెండు నిమిషాలు. అప్పుడు 20 నిమిషాలకు 10 పేజీలు. 50 పేజీలంటే గంటా నలభై నిమిషాలు. ఉద్యోగం చేసే మనిషికి అది రోజూ దొరికే సమయం కాదు. మూడో రోజు ఆగిపోవడానికి కారణం బద్ధకం కాదు, లెక్క తప్పడం.

వారానికి ఏడు రోజులూ లెక్కలో వేసుకోకండి. ఐదే వేసుకోండి. 10 పేజీల చొప్పున ఐదు రోజులకు 50. 200 పేజీల నవల నాలుగు వారాలు. మిగిలిన రెండు రోజులు చుట్టాలకూ, జ్వరాలకూ, కరెంటు పోయిన రాత్రులకూ. ఏడు రోజులకు లెక్క కడితే ఒక్క రోజు తప్పగానే బాకీ పడ్డట్టు అనిపిస్తుంది. ఆ బాకీ తీర్చడానికి మర్నాడు 20 పేజీలు పెట్టుకుంటారు. అదీ కుదరక పుస్తకమే పక్కకు పోతుంది. తప్పిన రోజు పేజీలు మర్నాటికి కలపకండి. ఈ ఒక్కటీ గట్టిగా పట్టుకోండి.

ఒకే మనిషికి కూడా పుస్తకాన్ని బట్టి కొల మారుతుంది. కొత్త పుస్తకం పట్టినప్పుడల్లా మూడు పేజీల పరీక్ష మళ్లీ చేయండి. వచనానికి రెండు నిమిషాలు పట్టే పేజీ, పద్యాలున్న పుస్తకంలో ఏడెనిమిది నిమిషాలు పట్టవచ్చు.

లైబ్రరీ_మెట్లు
కొలబద్ద గారి లెక్క సరైనదే. కానీ పేజీలు కాకుండా నిమిషాలు పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం. పేజీలు లక్ష్యమైతే కన్ను పరిగెత్తుతుంది. సంభాషణలున్న పేజీలు ఇష్టపడి, వర్ణనలున్న పేజీలు దాటేయడం మొదలవుతుంది. 20 నిమిషాలని పెట్టుకుంటే రెండు పేజీలే సాగినా ఆ రోజు చదివినట్టే.

కొలబద్ద
ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. లక్ష్యం నిమిషాల్లో, నమోదు పేజీల్లో. నమోదు కూడా నిమిషాల్లోనే ఉంటే పుస్తకం ఎప్పటికి అవుతుందో తెలియదు, తేలని పుస్తకం మీద ఆశ పోతుంది.

అరుగు
అయితే ఈ చర్చకు అదే పద్ధతి. నిమిషాలు మీ ఇష్టం, ఇక్కడ రాసేది పేజీ నంబరు.

మోదుగు
వేళ సంగతి ఎవ్వరూ చెప్తలేరు. గడియారంలో టైం పెట్టుకుంటే నిలబడది. రోజూ తప్పకుండ జరిగే పనికి ఆనుకొని పెట్టుకోవాలె. పొద్దున చాయ్ తాగుడు, ఆఫీసు బస్సు, అన్నం తిన్నంక పదిహేను నిమిషాలు. "రాత్రి 9.30కు చదువుత" అనుకుంటే 9.30కు ఫోన్ వస్తది, పోతది. "చాయ్ గ్లాసు పట్టుకోంగనే పుస్తకం తెరుస్త" అనుకుంటే చాయ్ మానరు గనక పుస్తకం కూడ మానరు.

ఇంకోటి. పుస్తకం చదివే జాగలనే ఉండాలె. అల్మారల పెట్టి తాళమేస్తే ఎవరు తీస్తరు? చాయ్ తాగే కుర్సీ పక్కన స్టూలు మీద, పేజీ తెరిచి, బోర్లించకుండ, నడుమ కాగితం పెట్టి ఉంచుండ్రి. బోర్లిస్తే జిగురు కట్టు పుస్తకం నడుమ విరుగుతది, పేజీలు ఊడుతయి.

మంచం మీద పండుకొని చదివేటోళ్లకు నాలుగు పేజీలకే నిద్రొస్తది. నిద్ర కోసమైతే మంచిదే. అలవాటు కోసమైతే కూసొని చదువుండ్రి.

ఇప్పుడు: దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు', రెండోసారి, 46వ పేజీ. పొద్దున చాయ్‌తోని.

తీరిక_దొరికితే
మోదుగు గారూ, అదే పుస్తకం నాకు 20వ పేజీ దగ్గర ఆగింది. కోస్తా వైపు పెరిగినవాళ్లకు నిజాం కాలపు ఉద్యోగాల పేర్లు తెలియవు. ఎవరు ఎవరికి పైవాడో తెలియక సన్నివేశంలో భయం ఎందుకో అర్థం కావడం లేదు.

మోదుగు
మంచి ప్రశ్న అడిగిండ్రు. ఈ మాటలు తెలిస్తే వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' కూడ సాఫీగ నడుస్తది. ఒక కాగితం మీద రాసుకొని పుస్తకంల పెట్టుకోండ్రి.

ఊర్ల ముగ్గురు: భూమి లెక్కలు, పహాణీలు రాసేది పట్వారీ. శిస్తు వసూలు మాలీ పటేలు. నేరాలు, బందోబస్తు పోలీసు పటేలు. చానా ఊర్లల్ల ఈ పనులు దొర ఇంటోళ్ల చేతులల్లనే ఉండేటివి. అందుకే పట్వారీ కాగితం మీద ఒక గీత గీస్తె రైతు గుండె ఆగుతది.

ఊరి పైన: గిర్దావరు అంటే రెవెన్యూ తనిఖీ చేసేటాయన. అమీను అంటే పోలీసు అధికారి, ఇప్పటి ఎస్సై లెక్క. తాలూకాకు తహసీల్దారు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్, అంటే కలెక్టరు. తాలూక్‌దార్ అనంగనే తాలూకా అధికారి అనుకుంటరు, అక్కడనే లెక్క తప్పుతది.

గడీ అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు. వెట్టి అంటే కూలి ఇయ్యకుండ చేయించుకునే పని, కులం కులానికి ఒక్కో వంతు.

ఆ కాలపు జ్ఞాపకాలల్ల, కాగితాలల్ల ఫసలీ సంవత్సరం, అంటే నిజాం సర్కారు వాడిన సంవత్సరం లెక్క, కనిపిస్తది. దానికి 590 కలుపుండ్రి. ఫసలీ 1357 అంటే 1947–48. అట్ల కలుపుకుంటే పోలీసు చర్యకు ముందా, తర్వాతనా అని తెలుస్తది.

మాట తెలియకపోయినా ఒక పేజీ ఆగకుండ చదివి, చివరికొచ్చి చూసుకోండ్రి. సగం మాటలు సందర్భంల తెలిసిపోతయి. ప్రతి మాట దగ్గర ఆగి నిఘంటువు తీస్తే కథ తెగుతది.

తీరిక_దొరికితే
చాలా ఉపకారం చేశారు. తాలూక్‌దార్ దగ్గరే తప్పు పోయింది. మళ్లీ మొదటి పేజీ నుంచి.

పాతఅచ్చు
నిఘంటువు మాట వచ్చింది కాబట్టి పాత పుస్తకాల సంగతి చెబుతాను. గ్రాంథిక వచనం పట్టుకుని ఐదు పేజీల్లో వదిలేసేవాళ్లు చాలామంది. భాష కఠినమని వదిలేస్తారు. నిజానికి అడ్డుపడేవి నాలుగైదే. అవి తెలిస్తే కందుకూరి 'రాజశేఖర చరిత్రము', చిలకమర్తి 'గణపతి' వంటివి చేతికి వస్తాయి.

ఒకటి, అరసున్న (ఁ). పలకదు. కంటితో దాటేయండి. 'అతఁడు' అంటే అతడే. కొన్నిచోట్ల మాత్రం అర్థం చెబుతుంది: 'ఏఁడు' అంటే సంవత్సరం, 'ఏడు' అంటే 7.

రెండు, బండి ఱ. ఇప్పుడు ర లాగే చదవండి. దీనికీ అర్థభేదం ఉంది: 'కరి' ఏనుగు, 'కఱి' నలుపు.

మూడోది అసలు చిక్కు. 'వానిఁ జూచి' అని కనిపిస్తుంది. 'జూచి' అని నిఘంటువులో వెతికితే దొరకదు. అక్కడ ఉన్నది 'వానిని + చూచి'. ముందు మాట చివరి నకారం పోయి, వెనక మాట మొదటి అక్షరం మారింది. క గ గానూ, చ జ గానూ, ట డ గానూ, త ద గానూ, ప బ గానూ మారతాయి. బళ్లో చెప్పిన 'పూచెఁ గలువలు' ఇదే, సరళాదేశ సంధి. అరసున్న గానీ, నిండుసున్న గానీ, పొల్లు నకారం గానీ ముందు ఉండి వెనక గ, జ, డ, ద, బ కనిపిస్తే క, చ, ట, త, ప కింద వెతకండి.

నాలుగోది దీని తమ్ముడు. 'వాఁడు వోయె' అంటే 'వాడు పోయె'. 'వాఁడు గొట్టె' అంటే 'వాడు కొట్టె'. ఇక్కడ క గ, చ స, ట డ, త ద, ప వ అవుతాయి. గసడదవాదేశం అని అందుకే పేరు. 'వోయె' కోసం 'వ'లో వెతికి విసిగిపోయి పుస్తకం మూసేస్తారు. 'ప'లో చూడండి.

ఈ రెండు వరుసలనూ అట్ట ముక్క మీద రాసి పుస్తకంలో గుర్తుగా పెట్టుకోండి. 30 పేజీలు దాటేసరికి అట్ట ముక్క చూడనక్కర్లేదు, కన్నే మార్చుకుంటుంది.

వెతకడానికి ఆంధ్రభారతి వెబ్‌సైటులో నిఘంటు శోధన ఉంది. శబ్దరత్నాకరం, బ్రౌన్ నిఘంటువు, ఇంకా చాలా నిఘంటువులు ఒక్కచోటే వెతుకుతుంది. క్రియలు మాత్రం ధాతు రూపంలో ఇవ్వాలి. 'చనియె' అని కాదు, 'చను' అని.

'రాజశేఖర చరిత్రము' 1878లో 'వివేకవర్ధని'లో మొదలైంది. ధవళేశ్వరం వర్ణనతో ప్రారంభమవుతుంది, చాలామంది ఆ వర్ణనలోనే ఆగిపోతారు. అక్కడ ప్రతి మాటా తెలియాలని పట్టుబట్టకండి. గోదావరి ఒడ్డు, కొండ, గుడి, ఊరు అని కంటికి కడితే చాలు. మనుషులు మాట్లాడటం మొదలైన చోటి నుంచి వేగం వస్తుంది.

ఒత్తులభయం
ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకు ఏమైనా చెప్పండి. పదో తరగతి దాకా తెలుగు ఉన్నా వేగం లేదు. పేజీకి ఐదు నిమిషాలు పడుతుంది. అక్షరాలు కూడబలుక్కున్నట్టే ఉంటుంది.

కొలబద్ద
ఐదు నిమిషాలంటే నిమిషానికి 42 మాటలు. అది గట్టిగా పైకి చదివే వేగం కన్నా తక్కువ. అంటే కన్ను మాటను మొత్తంగా పట్టుకోవడం లేదు, అక్షరం అక్షరం పేరుస్తోంది. ఇది సాధనతో పోతుంది.

ఒకే పేజీ మూడుసార్లు చదవండి. మొదటిసారి పైకి, వేలు వరుస కింద పెట్టి. రెండోసారి పైకి, వేలు లేకుండా. మూడోసారి మనసులో. మూడుసార్ల సమయమూ రాసుకోండి. రోజుకు ఒక్క పేజీ, 15 నిమిషాలకు మించకండి. తెలిసిన కథ తీసుకోండి, అర్థం కోసం వెతుకులాట ఉండదు కాబట్టి శ్రమంతా చదవడం మీదే పడుతుంది. పాత 'చందమామ' బేతాళ కథలు దీనికి దొరికిన వరం. కొద్ది పేజీల్లో అయిపోతాయి, వాక్యాలు చిన్నవి, మాటలు వాడుకలోవి.

తెలుగులో మాట పొడుగ్గా ఉండటానికి కారణం వెనక చేరేవి. 'వెళ్లిపోతున్నారనుకుంటున్నాను' ఒకే మాటలా కనిపిస్తుంది. వెళ్లిపోతున్నారు, అనుకుంటున్నాను అని రెండుగా విడదీసి చూడండి. '-అని', '-ఐనా', '-కదా', '-ట', 'ఉన్న' ఎక్కడ అతుక్కున్నాయో కన్ను గుర్తుపట్టడం మొదలైతే వేగం దానంతట అదే వస్తుంది.

ఒక జాగ్రత్త. క్ష్మ, స్త్ర, త్స్య లాంటి జంట ఒత్తులు అలుక్కుపోయినట్టు కనిపిస్తే అది చదువు లోపం కాకపోవచ్చు. నలభై దాటినవాళ్లు ముందు దగ్గరి చూపు పరీక్ష చేయించుకోండి. ఇంగ్లీషు అక్షరం మసకగా ఉన్నా పోల్చుకోవచ్చు, తెలుగు ఒత్తు మసకబారితే మాటే మారిపోతుంది.

ఒత్తులభయం
ఈ ఆదివారం నుంచి. బేతాళ కథతో మొదలు. సమయాలు ఇక్కడే రాస్తాను.

నైట్‌డ్యూటీ
కొల తీశాను. పేజీకి రెండు నిమిషాల 20 సెకన్లు. 20 నిమిషాలకు 8 పేజీలు, కాస్త మిగులు. ఫోనులో పీడీఎఫ్‌లు చదవవచ్చా? పుస్తకం డ్యూటీకి తీసుకువెళ్లడం కుదరదు.

స్కాను_చూసి
చదవవచ్చు. కానీ స్కాన్ చేసిన పాత పుస్తకం ఫోనులో నిలువుగా పెడితే అక్షరం చీమ తలంత ఉంటుంది. అడ్డంగా తిప్పండి. అంచుల్లో ఖాళీని కత్తిరించి చూపే సదుపాయం చాలా పీడీఎఫ్ ఆప్‌లలో ఉంటుంది, అది వాడండి. ఒక పేజీ రెండు మూడు జరుపుల్లో అవుతుంది. వేలితో పెద్దది చేసి అటూ ఇటూ జరుపుతూ చదవకండి, ప్రతి వరుసకూ చోటు తప్పుతుంది, పది నిమిషాల్లో అలిసిపోతారు. ముందే దించి పెట్టుకుని, ఫోను విమానం మోడ్‌లో పెట్టి చదవండి.

మొదలుపెట్టే ముందు పుస్తకం పూర్తిగా ఉందో లేదో చూసుకోవాలి. ఇది చాలామంది చేయరు, 144వ పేజీ తర్వాత 161 వస్తే గుండె పగులుతుంది. పాత పుస్తకాలు ఎక్కువగా 16 పేజీల ఫారాలుగా, అంటే ఒకే పెద్ద కాగితం మడిచి కుట్టిన కట్టలుగా, అచ్చయ్యాయి. పోతే ఫారం మొత్తం పోతుంది, లేదా ఒకే ఫారం రెండుసార్లు కుట్టేస్తారు. కాబట్టి ఫారం అతుకులు చూడండి: 16–17, 32–33, 48–49, ఇలా. రెండు నిమిషాల పని. పుస్తక ప్రదర్శనలో కొనేటప్పుడూ ఇదే పద్ధతి, డబ్బు ఇవ్వకముందే.

ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) వెబ్‌సైటులో ఉన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లలో తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎలా పడితే అలా ఉంటాయి. ఒక స్పెల్లింగుతో దొరకకపోతే నాలుగు రకాలుగా వెతకండి, రచయిత ఇంటిపేరుతో కూడా. తెలుగు వికీసోర్స్‌లో ఉన్న పుస్తకమైతే స్కాన్ కన్నా అదే మేలు. అక్షరాలు టైపు చేసినవి, ఫోను సైజుకు సర్దుకుంటాయి.

ఏది చట్టప్రకారం ఉచితమో కూడా తెలుసుకోండి. మన దేశంలో కాపీహక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. రచయిత చనిపోయిన ఏడాది తర్వాత వచ్చే జనవరి 1 నుంచి 60 లెక్క. ఉన్నవ లక్ష్మీనారాయణ 1958లో పోయారు, 'మాలపల్లి' 2019 నుంచి స్వేచ్ఛగా ఉంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961, ఆయనవి 2022 నుంచి. గోపీచంద్ 1962, ఆయనవి 2023 నుంచి. చలం 1979లో పోయారు, ఇంకా కాపీహక్కు ఉంది. ఇప్పుడు బతికున్నవాళ్ల పుస్తకాల పీడీఎఫ్‌లు గ్రూపుల్లో తిప్పకండి. తెలుగులో అచ్చయ్యే ప్రతులే తక్కువ, ఆ కాస్తా అమ్ముడుపోకపోతే రెండో ముద్రణ రాదు.

లైబ్రరీ_మెట్లు
కొనలేనప్పుడు పీడీఎఫ్ కన్నా ముందు గ్రంథాలయం గుర్తుకు రావాలి. ఆస్తి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. జిల్లా కేంద్ర గ్రంథాలయంలో, శాఖా గ్రంథాలయంలో సభ్యత్వానికి కొంత డిపాజిట్, గుర్తింపు కాగితం, ఫోటో అడుగుతారు. డిపాజిట్ రసీదు జాగ్రత్త, తిరిగి ఇవ్వాల్సినప్పుడు అదే అడుగుతారు.

లోపల వెతకడం తెలియక చాలామంది ఎదురుగా కనిపించిన అరలోంచి ఏదో తీసుకుని వస్తారు. డ్యూయీ పద్ధతిలో, అంటే విషయం వారీగా అంకెలు వేసి, సర్దిన చోట తెలుగు సాహిత్యం 894.827 కింద ఉంటుంది. చివర 1 కలిస్తే కవిత్వం, 2 అయితే నాటకం, 3 అయితే నవలలూ కథలూ. అంటే నవల కావాలంటే 894.8273 అర దగ్గరికి వెళ్లండి. ఆత్మకథలు చాలాచోట్ల 920 దగ్గర విడిగా ఉంటాయి, సాహిత్యం అరలో వెతికి లేదనుకోకండి.

గడువు తేదీ ఉండటం అలవాటుకు మంచిది. సొంత పుస్తకానికి గడువు ఉండదు, అందుకే అది అరలో ఐదేళ్లు ఉంటుంది.

ప్రస్తుతం: బుచ్చిబాబు 'చివరకు మిగిలేది', 73వ పేజీ, సాయంత్రం. అడ్డం: దయానిధి ఆలోచనల్లోకి వెళ్లినప్పుడు కాలం ముందుకూ వెనక్కూ జరుగుతుంది.

పాతఅచ్చు
అక్కడ అందరూ తడబడతారు. 'ఏకాంతం' పేరుతో మొదట ధారావాహికగా వచ్చిన నవల అది. ప్రతి కూర్చోవడం ఒక ప్రకరణం చివర ఆపండి, మధ్యలో కాదు. మధ్యలో ఆపితే మర్నాడు ఆలోచనలో ఎక్కడున్నామో తెలియదు. ప్రకరణం పెద్దదైతే ఖాళీ వరుస ఉన్న చోట ఆపి, అంచున పెన్సిల్‌తో ఒక్క మాట రాయండి, 'అమృతం దగ్గర' అనో, 'పెళ్లి ముందు' అనో. గ్రంథాలయం పుస్తకమైతే పెన్సిల్ వద్దు, గుర్తు కాగితం మీద రాయండి.

తీరిక_దొరికితే
'వేయిపడగలు' ఎవరైనా మొదలుపెడదామా? అందరూ కలిసి?

లైబ్రరీ_మెట్లు
కలిసి చదవడానికి మంచిదే, ఒంటరిగా మొదటి పుస్తకంగా మాత్రం వద్దు. 36 అధ్యాయాలు. విశ్వనాథ 29 రోజుల్లో చెప్పి రాయించిన నవల, కానీ చదవడానికి 29 రోజులు పెట్టుకుంటే ఊపిరాడదు. వారానికి ఒక అధ్యాయం చొప్పున 36 వారాలు, ఎనిమిది నెలలు దాటుతుంది. అంత కాలం ఒకే పుస్తకం పట్టుకోవడం కొత్తవాళ్లకు కష్టం. వారానికి రెండు అధ్యాయాలైతే 18 వారాలు. అలవాటు మూడు నాలుగు నెలలు నిలబడినవాళ్లు మాత్రమే చేరండి.

గుంపులో చదవడానికి నలుగురి నుంచి ఆరుగురి దాకా మంచి సంఖ్య. ఎనిమిది దాటితే ఇద్దరు మాట్లాడతారు, ఆరుగురు వింటారు. భాగం ముందే రాసిపెట్టాలి: ఫలానా ఆదివారానికి ఫలానా అధ్యాయం చివర దాకా. పేజీ నంబరుతో చెప్పకండి, ముద్రణను బట్టి మారుతుంది. ముందుకు వెళ్లినవాళ్లు ముందు సంగతి చెప్పకూడదు. వెనకబడినవాళ్లు మధ్యలో వదిలిన అధ్యాయాలు తర్వాత చదువుకోవచ్చు, వారం భాగం మాత్రం అందరితో పాటు చదవాలి. వెనకవాళ్ల కోసం భాగం ఆపితే రెండు వారాల్లో గుంపు చెదిరిపోతుంది.

పాత్రలు చాలా. సుబ్బన్నపేట మనుషుల పేర్లు, ఎవరికి ఎవరేమవుతారు, మొదట కనిపించిన అధ్యాయం, ఈ మూడూ ఒక్కొక్కరు వంతులవారీగా రాసి ఇక్కడ పెట్టండి.

మోదుగు
కలిసి చదవాలంటే నాటకం కన్నా మంచిది లేదు. 'కన్యాశుల్కం' పట్టుండ్రి. గొంతులు పంచుకొని పైకి చదవాలె. ఒకరు గిరీశం, ఒకరు మధురవాణి, ఒకరు రామప్పంతులు. ఒక కూర్చోవడానికి ఒక రంగం, అరగంట. కండ్లతోని చదివితే కనబడని వెక్కిరింత గొంతుల వినబడతది. ఇంట్ల పెద్దోళ్లను కూర్చోబెట్టుకోండ్రి, కండ్లు ఆనకపోయినా వింటరు.

పాతఅచ్చు
మంచి మాట. ఏ ముద్రణో చూసుకోండి. 1897లో అచ్చయిన మొదటి కూర్పు వేరు, చిన్నది. ఇప్పుడు అందరూ చదివేది గురజాడ పెంచి తిరగరాసిన 1909 రెండో కూర్పు, ఏడంకాలు. ఒకరి దగ్గర ఒకటి, ఇంకొకరి దగ్గర మరొకటి ఉంటే రంగాలు కలవవు. బొంకులదిబ్బ దగ్గర గిరీశం ఒక్కడే మాట్లాడుకునే మొదటి రంగం ఆరంభాన్ని ఒకే గొంతుకు ఇవ్వండి. వెంకటేశం వచ్చాక రెండో గొంతు.

అరుగు
ఇంకా చిన్న భాగాలు కావాలనుకునేవాళ్లకు సత్యం శంకరమంచి 'అమరావతి కథలు'. 100 కథలు, ఒక్కోటి కొన్ని పేజీలే. వారానికి ఐదు చొప్పున 20 వారాలు. ఒక రోజు తప్పినా కథ తెగదు. అలాగే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు స్థాపించిన కథానిలయం వెబ్‌సైటులో పాత పత్రికల నుంచి వేల కథల స్కాన్లు ఉన్నాయి. రచయిత పేరుతో, పత్రిక పేరుతో వెతకవచ్చు. ఇష్టమైన కథ కనిపిస్తే అది వచ్చిన పత్రిక పేరు, తేదీ కూడా రాసుకోండి, కథ పేరు ఒక్కటే ఉంటే తర్వాత దొరకదు.

తీరిక_దొరికితే
ఒక్క ప్రశ్న మిగిలింది. నచ్చని పుస్తకం వదిలేయవచ్చా? సగం చదివి వదిలితే తప్పుచేసినట్టుంటుంది.

కొలబద్ద
50 పేజీలు, లేదా పుస్తకంలో ఐదో వంతు, ఏది తక్కువైతే అది. అప్పటికీ చెయ్యి పుస్తకం వైపు వెళ్లకపోతే ఆపండి. ఆపిన పేజీ, ఎందుకు ఆపారో ఒక్క వాక్యం రాయండి. "భాష అందలేదు" అయితే ఆర్నెల్ల తర్వాత మళ్లీ తీయండి. "మనుషులు నచ్చలేదు" అయితే వేరొకరికి ఇచ్చేయండి.

పాతఅచ్చు
ఇక్కడ కొలబద్ద గారితో పూర్తిగా ఏకీభవించలేను. రావిశాస్త్రి 'అల్పజీవి' లాంటి పుస్తకాలకు 50 పేజీల నియమం చాలదు. ఆ వాక్యాల నడక చెవికి పట్టడానికే సమయం కావాలి. అలాంటివి వదిలేముందు ఒక పేజీ పైకి చదవండి. పైకి చదివినప్పుడు కూడా నడక దొరకకపోతే అప్పుడు వదలండి.

కొలబద్ద
సరే, పైకి చదివే పరీక్ష కలుపుతున్నాను. అది మంచి సవరణ.

ఒత్తులభయం
ఆదివారం నమోదు. బేతాళ కథ, రెండున్నర పేజీలు, మొదటి పేజీ మూడుసార్లు. పైకి వేలితో 4 నిమిషాల 50 సెకన్లు, పైకి వేలు లేకుండా 4.05, మనసులో 3.10. అడ్డం: 'శవంలోని బేతాళుడు' దగ్గర కాదు, 'ఔచిత్యం' దగ్గర.

నైట్‌డ్యూటీ
'అసమర్థుని జీవయాత్ర', 38వ పేజీ. నాలుగు రోజులు చదివాను, డ్యూటీలో తిన్న తర్వాత 20 నిమిషాలు. ఐదో రోజు సున్నా. మర్నాటికి కలపలేదు. ఫారం అతుకులు చూశాను, పేజీలన్నీ ఉన్నాయి.

మోదుగు
'చిల్లర దేవుళ్లు', 97.

తీరిక_దొరికితే
అదే పుస్తకం, 31. ఈసారి పట్వారీ దగ్గర ఆగలేదు.